ఫోనూ సిస్టమూ ఒకదానికొకటి సరిపడాలంటే: ఆపరేటింగ్ సిస్టంలు పోల్చుకుని, అనుకూలత సరిచూసుకునే సమగ్ర మార్గదర్శి

ఆండ్రాయిడ్ మేలా, ఐఫోనా? విండోస్ ఉంచుకోవాలా, లినక్స్ వేయించుకోవచ్చా? ఈ ప్రశ్నలకు అందరికీ సరిపోయే జవాబు లేదు. ప్రొద్దుటూరులో పెళ్లి పత్రికలు వేసే డీటీపీ సెంటర్‌కు కుదిరేది, జేఎన్‌టీయూలో చదివే అమ్మాయికి కుదరదు. ఆదోనిలో పత్తి కమీషన్ లెక్కలు రాసే గుమాస్తాకు ఆ రెండూ కుదరవు.

అందుకే ఇక్కడ వరుస తలకిందులుగా ఉంటుంది. ముందు మీ పని, ఆ తర్వాత ఆ పనికి కావాల్సిన ప్రోగ్రాం, అది నడిచే ఆపరేటింగ్ సిస్టం (విండోస్, ఆండ్రాయిడ్ లాంటివి, పొట్టిగా ఓఎస్), చివరగా మెషిన్. ఈ వరుస తప్పినవాళ్లే కొన్నాక బాధపడతారు.

## 1. పనుల చిట్టా రాయండి

కాగితం మీద నిలువుగా నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో పని, రెండో గడిలో ఆ పనికి వాడే ప్రోగ్రాం లేదా యాప్, మూడో గడిలో దానికి తగిలించే పరికరం, నాలుగో గడిలో ఆ ఫైలు ఎవరికి వెళ్తుందో రాయండి.

నాలుగో గడి చాలామంది వదిలేస్తారు. ఇబ్బందులు ఎక్కువగా పుట్టేది అక్కడే. మీ దగ్గర చక్కగా తెరుచుకున్న ఫైలు జిరాక్స్ షాపులోనో, ఆడిటర్ దగ్గరో తెరుచుకోకపోతే పని ఆగినట్టే.

- □ రోజూ తప్పనిసరిగా చేసే పనులు
- □ నెలకో, ఏడాదికో ఒకసారే అయినా తప్పనివి (రిటర్నులు, పరీక్షల దరఖాస్తులు)
- □ ప్రింటర్, స్కానర్, వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్: మోడల్ పేరుతో సహా
- □ మీ ఫైళ్లు అందుకునేవాళ్లు వాడే సిస్టం

## 2. మీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోండి

"విండోస్ ఉంది" అంటే చాలదు. ఏ విండోస్, ఎన్ని బిట్లు, ఏ తరం ప్రాసెసర్, ర్యామ్ ఎంత అన్నది రాసి పెట్టుకోవాలి.

విండోస్: విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కండి. వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో డబ్ల్యూ, ఐ, ఎన్, వీ, ఈ, ఆర్ అని వరుసగా కొట్టి ఎంటర్ నొక్కితే వెర్షన్ కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టం, అబౌట్‌లోకి వెళ్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్, 32 బిట్టా 64 బిట్టా అన్నది తెలుస్తుంది.

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చదవడం నేర్చుకుంటే సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మోసపోరు. ఐ5-6300యూ అని ఉంటే గీత తర్వాతి అంకె 6, అంటే ఆరో తరం. ఐ5-8250యూ ఎనిమిదో తరం. ఐ5-10210యూలో గీత తర్వాత ఐదంకెలున్నాయి, మొదటి రెండూ కలిపి 10, అంటే పదో తరం. "ఐ5 ల్యాప్‌టాప్ సార్" అన్నంత మాత్రాన ఏమీ తెలిసినట్టు కాదు. ఆరో తరం ఐ5కూ పన్నెండో తరం ఐ5కూ మధ్య ఎంతో దూరముంది.

ఆండ్రాయిడ్: సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్. ఆండ్రాయిడ్ వెర్షన్‌తో పాటు సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కూడా రాసుకోండి. ఆ తేదీ ఏడాది దాటి ఉంటే, కంపెనీ ఆ ఫోనును దాదాపు వదిలేసిందని అనుకోవచ్చు.

ఐఫోన్: సెట్టింగ్స్, జనరల్, అబౌట్. మ్యాక్: పైన ఎడమ మూల ఆపిల్ గుర్తు, అబౌట్ దిస్ మ్యాక్. అక్కడ ప్రాసెసర్ ఇంటెలా, ఎం1, ఎం2 వంటి ఆపిల్ చిప్పా అన్నది చూడండి. ఇంటెల్ మ్యాక్‌లకు వచ్చే చివరి వెర్షన్ మ్యాక్ ఓఎస్ 26. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వస్తోందని ఇంటెల్ మ్యాక్ కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

## 3. ఫోను సిస్టం, కంప్యూటర్ సిస్టం ఎక్కడ విడిపోతాయి

మూడు తేడాలు తెలిస్తే, ఏది ఎందుకు పనిచేయదో మీకే అర్థమవుతుంది.

మొదటిది ప్రాసెసర్. ఫోన్లన్నీ దాదాపు ఆర్మ్ రకం, చాలా ల్యాప్‌టాప్‌లు ఎక్స్86 రకం. విండోస్ కోసం చేసిన ఈఎక్స్ఈ ఫైలు ఫోన్లో నడవదు. ఫోను ఏపీకే ఫైలు విండోస్‌లో నేరుగా నడవదు. ఆండ్రాయిడ్ లోపలి గుండె లినక్సే, అయినా ఉబుంటు (కంప్యూటర్లలో వాడే ఒక లినక్స్ రకం) ప్రోగ్రాం ఆండ్రాయిడ్‌లో తెరుచుకోదు, ఎందుకంటే దాని చుట్టూ ఉన్నదంతా వేరు.

రెండోది డ్రైవర్, అంటే పరికరంతో మాట్లాడటం సిస్టంకు నేర్పే చిన్న ప్రోగ్రాం. కంప్యూటర్‌కు కొత్త పరికరం తగిలిస్తే డ్రైవర్ వేసుకోవచ్చు. ఫోన్లో మనం డ్రైవర్ వేయలేం. పరికరం కంపెనీ ప్రత్యేకంగా యాప్ ఇస్తేనే పని.

మూడోది గోడలు. ఫోన్లో ప్రతి యాప్‌కూ దాని గది వేరు. ఒక యాప్ ఫైళ్లలోకి ఇంకో యాప్ తొంగిచూడలేదు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని డేటా భాగం మామూలు ఫైల్ మేనేజర్లకు కూడా కనపడదు. యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన ఫైలు కంప్యూటర్‌కు కలిపితే కనిపించడం లేదంటే, చాలాసార్లు కారణం ఇదే. ఆ యాప్ లోపలి నుంచే సేవ్ లేదా షేర్ నొక్కి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి తెచ్చుకోవాలి.

## 4. దాటలేని గోడలు: ముందే చూసుకోవాల్సినవి

కొన్ని పనులు ఒక సిస్టానికే కట్టుబడి ఉంటాయి. మీ చిట్టాలో వీటిలో ఒక్కటున్నా నిర్ణయం అక్కడే అయిపోతుంది.

- టాలీ ప్రైమ్: విండోస్ ప్రోగ్రాం. కమీషన్ కొట్టు, బట్టల షాపు, ఆడిటర్ ఆఫీసు, ఎవరైనా సరే లెక్కలు టాలీలో ఉంటే విండోస్ ఉండాల్సిందే.
- అను ఫాంట్లు, పేజ్‌మేకర్: పాత డీటీపీ పని. విండోస్‌లోనే సాఫీగా సాగుతుంది.
- ఆధార్ వేలిముద్ర పరికరాలు: వీటికి ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం కావాలి. కంపెనీలు ఎక్కువగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఇస్తాయి. ఐఫోన్‌ను దీనికోసం లెక్కలోకి తీసుకోకండి.
- డిజిటల్ సంతకం టోకెన్: కొన్నింటికి లినక్స్, మ్యాక్ డ్రైవర్లు దొరుకుతాయి. కానీ సంతకం చేయించే సైనర్ ప్రోగ్రాం విండోస్‌కే ఉండొచ్చు. టోకెన్ ఒక్కటే చూసి ఆగకండి, సైట్ ఏం అడుగుతుందో కూడా చూడండి.
- యూపీఐ యాప్‌లు: ఇవి ఫోన్లోని సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి నంబరును నిర్ధారించుకుంటాయి. అందుకే కంప్యూటర్ ఎమ్యులేటర్లో (ఫోనును కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాంలో) పెట్టాలన్న ప్రయత్నం వృథా.
- ఐఫోన్ యాప్ తయారీ: దానికి కావాల్సిన ఎక్స్‌కోడ్ ప్రోగ్రాం మ్యాక్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియో విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, అయితే కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి. ఎమ్యులేటర్ కూడా తెరిస్తే 16 జీబీ కావాలి.
- టర్బో సీ వంటి 16 బిట్ పాత ప్రోగ్రాంలు: 64 బిట్ విండోస్‌లో నేరుగా తెరుచుకోవు. పాత డాస్ సిస్టాన్ని అనుకరించే డాస్‌బాక్స్‌లో నడపాలి. ల్యాబ్ పరీక్ష ముందురోజు కనిపెట్టే విషయం కాదిది.

కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడపడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏర్పాటు 2025 మార్చి 5తో ఆగిపోయింది. ఇంకా పాత వీడియోలు చూసి దాన్ని వెతికేవాళ్లున్నారు. ఇప్పుడు మిగిలింది బ్లూస్టాక్స్ లాంటి ఎమ్యులేటర్లు. వాటికి బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మెషిన్ సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేయాలి, లేకపోతే నత్తనడకే.

## 5. తెలుగు అక్షరం చెదరకుండా

మన దగ్గర అనుకూలత గొడవల్లో సగం తెలుగు ఫాంట్ల గొడవలే. కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా.

5.1. యూనికోడా, అను రకమా?

డీటీపీ సెంటర్లో కొట్టిన కరపత్రం వర్డ్ ఫైలుగా మీ ఫోన్‌కు వచ్చింది. తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, కొమ్ములున్న ఐరోపా అక్షరాలు కలిసి కనిపిస్తున్నాయి. ఫైలు పాడవలేదు. అను రకం ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టుకుంటాయి. ఆ ఫాంట్ లేని చోట కింద ఉన్న అసలు అక్షరాలు బయటపడతాయి.

యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలున్నాయి. అందుకే ఫాంట్ మారినా అక్షరం మారదు. విండోస్‌లో గౌతమి, నిర్మల యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్ పరికరాల్లో కోహినూర్, లినక్స్‌లో లోహిత్: రూపు కొద్దిగా మారుతుంది, చదవడం ఆగదు.

సవరణ ఇలా:

1. చూడ్డానికీ, ప్రింటుకూ మాత్రమే అయితే డీటీపీ వాళ్లను పీడీఎఫ్ అడగండి. ఫాంట్ అందులోనే ఇమిడి వస్తుంది.
2. మీరు దిద్దాల్సి ఉంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడండి.
3. మార్చాక వత్తులు, సున్నాలు, అంకెలు ఒక్కొక్కటి చూసుకోండి. కన్వర్టర్లు తప్పేది అక్కడే. పెళ్లి పత్రికలో ముహూర్తం అంకెనూ ఇంటిపేరునూ రెండుసార్లు చదవండి.

5.2. టైపింగ్

ఫోన్లో జీబోర్డ్‌తో "కర్నూలు"ను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకునే అలవాటున్నవాళ్లకు విండోస్‌లోనూ అదే దారి ఉంది. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చి, దాని ఆప్షన్స్‌లో ఫొనెటిక్ ఎంచుకోండి. తర్వాత విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంకు ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది.

ఒక చిన్న తిరకాసు. "ఫోన్‌లో" అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉండొచ్చు. ఒక కీబోర్డ్ దాన్ని పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. ఫైలులో మాట కళ్లెదుటే ఉన్నా వెతికితే దొరకడం లేదంటే, ఆ గుర్తు తేడా అయ్యుండవచ్చు. పదం మొత్తం కాకుండా మొదటి రెండు అక్షరాలతో వెతకండి.

5.3. ఫైలు పేరు తెలుగులో పెడితే

విండోస్‌లో పేరు 255 గుర్తుల వరకు సాగుతుంది. లినక్స్, ఆండ్రాయిడ్‌లో లెక్క గుర్తుల్లో కాదు, బైట్లలో: 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి. "ర్డు" అన్న ఒక్క అక్షరంలో ర, పొల్లు, డ, కొమ్ము అని నాలుగు గుర్తులున్నాయి, అంటే 12 బైట్లు. ఈ లెక్కన మొత్తం పేరుకు 85 గుర్తులే. "కడప జిల్లా... రైతుల జాబితా... సవరించినది... చివరిది" అంటూ విండోస్‌లో పెట్టిన పొడవాటి పేరు ఫోన్‌కు కాపీ కాకుండా తిప్పికొట్టడానికి కారణం ఇది. పేరు నాలుగైదు మాటల్లో ముగించండి.

ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు, ఏటవాలు గీత పేర్లలో వద్దు. విండోస్ వాటిని ఒప్పుకోదు.

5.4. ఎక్సెల్‌లో తెలుగు పిచ్చిగీతలైతే

ఫోన్లోని గూగుల్ షీట్స్ నుంచి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా పట్టికగా) దించుకుని, విండోస్ ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు పేర్లు చెదిరిపోతాయి. అలా తెరవకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్‌వీ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. పేర్లన్నీ సరిగ్గా వస్తాయి. చెదిరిన ఫైలును అలాగే సేవ్ చేస్తే మాత్రం తిరిగి తెచ్చుకోవడం కష్టం.

5.5. వర్డ్, ఇన్‌డిజైన్

వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ టిక్ పెట్టండి. అవతలివాళ్లు లిబ్రే ఆఫీస్‌లో తెరిచినా పేజీలు ముందుకూ వెనక్కూ జరగడం తగ్గుతుంది. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు వత్తులు విడిపోతుంటే, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి.

పీడీఎఫ్ ఎప్పుడూ చివరి కాపీయే. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పాఠం చాలాసార్లు ముక్కలవుతుంది. అసలు వర్డ్ ఫైలు పక్కనే దాచుకోండి.

## 6. ఫోను నుంచి సిస్టంకు ఫైళ్లు

6.1. కేబుల్‌తో

1. ఫోన్ లాక్ తీయండి.
2. కేబుల్ పెట్టాక నోటిఫికేషన్‌లో యూఎస్‌బీ గురించిన వరుస నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. మొదట అది ఛార్జింగ్ మీదే ఉంటుంది.
3. ఐఫోన్ అయితే ట్రస్ట్ అని అడిగినప్పుడు ఒప్పుకుని పాస్‌కోడ్ కొట్టండి.
4. పెద్ద ఫోల్డర్‌ను ఒకేసారి లాగకుండా, ఒక్కో నెల ఫోటోలు చొప్పున కాపీ చేయండి. మధ్యలో ఆగినా ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది.
5. కాపీ అయ్యాక కొన్ని ఫైళ్లు తెరిచి చూసి, ఆ తర్వాతే ఫోన్లోంచి తీసేయండి. కట్, పేస్ట్ ఎప్పుడూ వద్దు.

ఛార్జింగ్ అవుతోంది గానీ ఫోను కనిపించడం లేదా? ముందు వైరు మార్చండి. బస్టాండ్ దగ్గర కొన్న చౌక వైర్లలో చాలావాటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు.

మ్యాక్‌కు ఆండ్రాయిడ్ కేబుల్ పెట్టినా దానంతట అది కనిపించదు. వైఫై దారి చూసుకోవడమే నయం.

6.2. వైఫైతో

ఆండ్రాయిడ్, విండోస్ జంటకు క్విక్ షేర్. ఆపిల్ పరికరాల మధ్య ఎయిర్‌డ్రాప్. లినక్స్‌కు కేడీఈ కనెక్ట్. రకరకాల సిస్టంలు ఉన్న ఇంట్లో లోకల్‌సెండ్ వాడండి, అది విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ ఐదింటిలోనూ ఉంది.

ఒకదానికొకటి కనపడకపోతే:

- □ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా?
- □ విండోస్‌లో ఆ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందా? ఇంటి వైఫై అయితే ప్రైవేట్‌గా మార్చండి.
- □ హాస్టల్, లాడ్జి వైఫైలు ఒక పరికరాన్ని ఇంకొకదానికి కనపడనివ్వవు. ఫోను హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్ కలపండి. ఇలా పంపుకున్న ఫైళ్లకు మీ డేటా ప్యాక్ ఖర్చు కాదు.

కానీ హాట్‌స్పాట్‌కు కలిసిన ల్యాప్‌టాప్ వెనకాల అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడితే రోజు ప్యాక్ గంటలో ఐపోతుంది. విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి.

ఎండాకాలం మాట ఒకటి. ఐఫోన్ వాడాల్సిన పరిసరాల వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని ఆపిల్ చెబుతుంది. మే నెలలో కర్నూలు, కడప మధ్యాహ్నాలు 40 దాటేస్తాయి. హాట్‌స్పాట్, ఛార్జింగ్, ఫైళ్ల బదిలీ మూడూ కలిస్తే ఫోను వేడెక్కి ఛార్జింగ్ ఆపేస్తుంది, నెమ్మదిస్తుంది. పెద్ద బదిలీ పొద్దున్నే పెట్టుకోండి. పౌచ్ తీసేసి ఫ్యాను కింద ఉంచండి.

6.3. వాట్సాప్‌తో

ఫోటో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది. ప్రింటుకు వెళ్లేదైతే డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు వెళ్తుంది. కంప్యూటర్‌లో లింక్ చేసిన వాట్సాప్ ఫోను ఆఫ్‌లో ఉన్నా నడుస్తుంది, కానీ 14 రోజులు ఫోన్లో తెరవకపోతే దానంతట అది లాగౌట్ అవుతుంది.

## 7. పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉండాలి

పెళ్లి వీడియో 5 జీబీ ఉంది. 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంది. అయినా ఫైలు మరీ పెద్దదని విండోస్ ఒప్పుకోదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఖాళీ ఎంత ఉన్నా అంతే.

- ఎక్స్‌ఫ్యాట్: విండోస్, మ్యాక్, ఈమధ్య వచ్చిన లినక్స్, చాలా కొత్త ఫోన్లు చదువుతాయి. అందరి మధ్య తిరిగే పెన్‌డ్రైవ్‌కు ఇదే.
- ఫ్యాట్32: పాత టీవీ, కారు స్టీరియో, పాత జిరాక్స్ మెషిన్ కోసం. దీనికి విడిగా ఒక చిన్న పెన్‌డ్రైవ్ ఉంచుకోండి.
- ఎన్‌టీఎఫ్ఎస్: విండోస్ సొంతం. మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. చాలా ఫోన్లు గుర్తించవు.

ఫార్మాట్ మార్చితే లోపలున్నదంతా పోతుంది, ముందే వేరే చోటికి తీయండి. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఫైళ్ల పట్టిక దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. "ఫార్మాట్ చేయాలా" అని సిస్టం అడిగితే వద్దనండి. డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కి ముందు బాగుచేయించండి.

## 8. దరఖాస్తుల ఫోటోలు

ఐఫోన్ ఫోటో సైట్‌లో ఎక్కడం లేదంటే అది హెచ్ఈఐసీ రకం అయ్యుంటుంది. సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే ఇకపై తీసేవి జేపీజీలు అవుతాయి. పాతవి మారవు. వాటిని మార్చి పంపాలి.

ఫైలు పేరు చివర అక్షరాలు దిద్ది జేపీజీ అని రాస్తే రకం మారదు. సైట్ దాన్ని తిప్పికొడుతుంది. ఫోటో తెరిచి సేవ్ యాజ్‌లో జేపీజీ ఎంచుకోవాలి. 50 కేబీ లోపు అడిగితే ముందు కొలత తగ్గించండి, నాణ్యత తర్వాత తగ్గించండి. వరుస మారిస్తే మొహం మసకబారుతుంది.

## 9. సిస్టంలో ఓఎస్ మార్చే ముందు

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు పొడిగింపు 2026 అక్టోబర్ 13 వరకు. విండోస్ 11కు కావాల్సినవి: 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 (తాళపు కీలు దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టాన్నే ఆన్ కానిచ్చే ఏర్పాటు). ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే. 4 జీబీ ర్యామ్‌తో నడుస్తుందని రాసి ఉన్నా, పనికి 8 ఉండాలి.

మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ నడిపితే ఏది తక్కువో చెబుతుంది. టీపీఎం లేదని చెబితే వెంటనే కొత్తది కొనకండి. బయాస్‌లో అది ఆఫ్‌లో ఉండొచ్చు, ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది.

షరతులు దాటవేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతులున్నాయి. అలాంటి మెషిన్‌కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. జనం ఆధార్ పనులు, డబ్బు పనులు చేసే సెంటర్లలో అలా చేయొద్దు. మీ చిట్టాలో నాలుగో భాగంలోని గోడలేవీ లేకపోతే, ఆరో ఏడో తరం ల్యాప్‌టాప్‌కు లినక్స్ మింట్ (ఒక లినక్స్ రకం) చక్కని దారి.

వరుస:

1. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి. ఒకటి కాదు, రెండు చోట్ల.
2. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయాస్‌లో చేయి పెట్టగానే విండోస్ ఆ 48 అంకెలు అడగొచ్చు. లేకపోతే డిస్క్ తెరుచుకోదు.
3. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్. మింట్ ఫైలు సుమారు 3 జీబీ, విండోస్ 11 ఫైలు 5 జీబీ పైనే. రోజుకు రెండు జీబీల ప్యాక్‌తో కాదు, వైఫై ఉన్నచోట దించుకోండి.
4. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. ఆపకపోతే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయలేరు.
5. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లైవ్‌లో తెరిచి వైఫై, సౌండ్, ప్రింటర్, కెమెరా పరీక్షించండి. ఇందులో డిస్క్ మీద ఏమీ మారదు. కనీసం అరగంట వాడి చూడండి.
6. రెండూ ఉంచుకోవాలంటే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే స్థలం తగ్గించి ఖాళీ చేయండి. మింట్‌కు 20 జీబీ కనీసం, 100 ఉంటే హాయి.
7. కరెంటు చూసుకోండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండా ఓఎస్ ఎక్కించడం, బయాస్ అప్‌డేట్ చేయడం వద్దు. బయాస్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

రెండు సిస్టంలు పెట్టాక విండోస్ గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి వెళ్తే కంగారుపడకండి. లినక్స్ బోర్డు గడియారంలో గ్రీన్‌విచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్ లోకల్ ఆర్‌టీసీ విలువ 1 చేయండి. గడియారం తప్పుంటే బ్యాంకు సైట్లు కూడా భద్రత లేదంటూ తెరుచుకోవు.

## 10. ఫోను రకం మార్చేటప్పుడు

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేవాళ్లు చేసే పెద్ద తప్పు: కొత్త ఫోన్ ఆన్ చేసి సెటప్ అంతా ముగించి, తర్వాత వాట్సాప్ పాత సంభాషణల కోసం వెతకడం. గూగుల్ డ్రైవ్‌లోని వాట్సాప్ బ్యాకప్‌ను ఐఫోన్ తెరవలేదు. మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో, ఐఫోన్ కొత్తగా సెటప్ అవుతున్నప్పుడే తేవాలి. అప్పటికే సెటప్ అయిపోతే ఐఫోన్‌ను రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

- □ రెండు ఫోన్లూ ఛార్జర్‌కు పెట్టి ఉన్నాయా?
- □ సిమ్ పాత ఫోన్లో పనిచేస్తూ ఉందా? బ్యాంకు యాప్‌లు, యూపీఐ కొత్త ఫోన్లో మళ్లీ నమోదు చేయాలి.
- □ కాంటాక్టులు సిమ్‌లోనో ఫోన్లోనో కాక గూగుల్ ఖాతాలో ఉన్నాయా?
- □ డబ్బు పెట్టి కొన్న యాప్‌లు: ఒక స్టోర్ కొనుగోలు ఇంకో స్టోర్లో చెల్లదు.
- □ క్లౌడ్ ఖాళీ: గూగుల్ ఉచితంగా 15 జీబీ, ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ 5 జీబీ చొప్పున. ఫోటోలన్నీ పట్టవని ముందే లెక్కేసుకోండి.

## 11. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ముందు నిలబడి

షాపుకు వెళ్లేటప్పుడు మీ ఫోను, డేటా కేబుల్, లినక్స్ మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, తెలుగు యూనికోడ్‌లో రాసిన ఒక వర్డ్ ఫైలు, మీ వేలిముద్ర పరికరం లేదా టోకెన్ తీసుకెళ్లండి.

1. ప్రాసెసర్ తరం, ర్యామ్, డిస్క్ ఎస్‌ఎస్‌డీనా అన్నది మీరే తెరిచి చూడండి. స్టిక్కర్ నమ్మొద్దు.
2. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేషన్ అయిందా చూడండి.
3. ఫోను కేబుల్‌తో కలిపి ప్రతి యూఎస్‌బీ పోర్టులో ఒక ఫోటో కాపీ చేయండి.
4. తెలుగు ఫైలు తెరిచి వత్తులు సరిగ్గా ఉన్నాయో చూడండి.
5. మీ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి ఒక పేజీ తెరవండి. వైఫై కార్డు బాగోకపోతే ఇక్కడే తేలుతుంది.
6. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. బయాస్ పాస్‌వర్డ్ అడిగితే అది పాత ఆఫీసు తాళం. షాపువాళ్లు మీ కళ్లెదుట తీసేస్తేనే ముందుకు వెళ్లండి.
7. ఛార్జర్ తీసి పది నిమిషాలు వదిలేయండి. బ్యాటరీ శాతం ఎంత తగ్గిందో రాసుకుని, అప్పుడు ధర మాట్లాడండి.